చాటనూగా కథ: పొగ నగరం ఆదర్శ నగరమైందన్న మాటలో ఎంత నిజం?

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, జార్జియా సరిహద్దుకు ఆనుకుని ఉన్న చాటనూగా పేరు కొన్నేళ్లుగా ఏదో ఒక మంచి వార్తలో వినిపిస్తూనే ఉంది. 2010లో ఊరంతటికీ సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో ఇంటర్నెట్ ఇచ్చి దేశాన్ని తనవైపు తిప్పుకుంది. 2011లో ఒకసారి, 2015లో మరోసారి అవుట్‌సైడ్ పత్రిక నిర్వహించిన పోటీలో దేశంలోకెల్లా మంచి ఊరుగా నిలిచింది. 2024 ఏప్రిల్‌లో ఇక్కడి ఫోక్స్‌వ్యాగన్ కార్మికులు యూనియన్‌కు ఓటేశారు. 2025 ఏప్రిల్‌లో లండన్, అడిలైడ్‌ల సరసన ‘నేషనల్ పార్క్ సిటీ’ గుర్తింపు, అంటే ఊరంతటినీ ఒక పార్కులా పచ్చగా చూసుకునే నగరమన్న గుర్తింపు, వచ్చింది. ఉత్తర అమెరికాలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం ఇదే.

ఇంత పేరు ఎలా వచ్చిందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు. ఇంటర్నెట్ అని కొందరు, నది ఒడ్డున కట్టిన అక్వేరియం అని కొందరు, కోకాకోలా డబ్బు అని, జర్మన్ కార్ల ఫ్యాక్టరీ అని ఇంకొందరు. వీటిలో అబద్ధం ఏదీ లేదు. కానీ ఏ ఒక్కదాన్నో విడిగా పట్టుకుని, అదే చేస్తే మన ఊరూ అలా అయిపోతుందనుకుంటేనే చిక్కు. ఈ కారణాలు ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో, ఈ ఎదుగుదల ఎవరి దాకా వచ్చి ఎవరి దగ్గర ఆగిపోయిందో విడదీసి చూస్తేనే విషయం తెలుస్తుంది.

‘కోలుకున్న నగరం’ అంటే ఏమిటి?

ముందు ఒకటి రెండు మాటలకు అర్థం చెప్పుకుందాం. అమెరికాలో ‘దక్షిణాది’ అంటే దిక్కు మాత్రమే కాదు. బానిసత్వం కోసం 1860–61లో దేశం నుంచి విడిపోయి యుద్ధం చేసిన రాష్ట్రాలనూ, ఆ చరిత్ర నీడనూ కలిపి ఆ మాట వాడతారు. టెనెసీ అందులో ఒకటి. ఇక పరిమాణం సంగతి. 2020 జనాభా లెక్కల్లో చాటనూగా నగర జనాభా 1,81,099. అంటే ఇంచుమించు మన మచిలీపట్నమో తెనాలో అంత ఊరు. చుట్టుపక్కల కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, అన్నీ కలిపితే అయిదున్నర లక్షలు దాటుతుంది. న్యూయార్క్, అట్లాంటా లాంటి మహానగరాలతో పోలిక పెట్టకూడని ఊరన్నమాట.

అసలు గందరగోళమంతా ‘కోలుకుంది’ అనే మాటలో ఉంది. ఈ మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఒకటి, నడిబొడ్డున పాడుబడ్డ వీధుల్లోకి మళ్లీ జనం రావడం. రెండు, ఊళ్లో మొత్తంగా ఉద్యోగాలూ ఆదాయమూ పెరగడం. మూడు, అప్పటికే అక్కడ కష్టపడి బతుకుతున్నవాళ్ల జీవితం బాగుపడటం. మొదటిది జరిగితే రెండోది, రెండోది జరిగితే మూడోది వాటంతటవే జరిగిపోతాయని చాలామంది అనుకుంటారు. చాటనూగాలో మొదటిది బ్రహ్మాండంగా జరిగింది. రెండోది చాలావరకు జరిగింది. మూడోదాని మీదే వాదనలన్నీ.

పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకున్న ఊరు

టెనెసీ నది మెలికలు తిరిగే చోట, లుకౌట్ మౌంటెన్ లాంటి కొండల మధ్య పల్లంలో ఉంటుంది ఈ ఊరు. చూడటానికి ఎంతో అందమైన చోటు. గాలికి మాత్రం అదే శాపమైంది. చలికాలం ఉదయాల్లో చల్లగాలి లోయ అడుగున నిలిచిపోతుంది, దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. కింద చిమ్నీల్లోంచి వచ్చిన పొగ పైకి పోలేదు. ఇనుప పోతపనుల ఫౌండ్రీలు, బొగ్గును కాల్చి కోక్ అనే ఇంధనం చేసే బట్టీలు, ఇళ్లలో బొగ్గు పొయ్యిలు, రైళ్లు, అన్నీ ఆ లోయలోకే పొగ వదిలాయి. మధ్యాహ్నం పూట కూడా కార్లకు హెడ్‌లైట్లు వేసుకుని నడిపిన రోజులున్నాయని స్థానికులు చెబుతారు.

1969లో కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని నగరాల గాలిని కొలిచినప్పుడు, గాలిలో తేలే ధూళి కణాల విషయంలో చాటనూగా అట్టడుగున నిలిచింది. దేశమంతా చూసే టీవీ వార్తల్లో న్యూస్‌రీడర్ వాల్టర్ క్రాంకైట్ ఆ మాట చదవడంతో ఊరి పరువు దేశమంతటా పోయింది.

ధూళి ఒక్కటే కాదు, కంటికి ఆనని ఇంకో ప్రమాదమూ ఉండేది. ఊరి శివార్లలో సైన్యానికి చెందిన వాలంటీర్ ఆర్మీ అమ్యునిషన్ ప్లాంట్ ఉండేది. టీఎన్‌టీ పేలుడు పదార్థం అక్కడ తయారయ్యేది. వియత్నాం యుద్ధ కాలంలో అది మళ్లీ జోరందుకుంది. దాన్నుంచి వెలువడే నైట్రోజన్ డయాక్సైడ్ వల్ల దగ్గర్లోని పిల్లలకూ పెద్దలకూ శ్వాసకోశ జబ్బులు ఎక్కువగా వస్తున్నాయని 1970లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. బయటిగాలిలో ఈ వాయువు ఆరోగ్యానికి చేసే హాని గురించి వచ్చిన తొలి అధ్యయనాల్లో అదొకటి. ఈ ప్లాంటు స్థలాన్ని గుర్తుంచుకోండి, కథలోకి మళ్లీ వస్తుంది.

గాలి బాగుపడింది, ఊరు ఖాళీ అయింది

పరువు పోయిన ఆ ఏడాదే నగరమూ కౌంటీ కలిసి గట్టి వాయుకాలుష్య చట్టం తెచ్చాయి. 1972 అక్టోబరు లోపు ఫ్యాక్టరీలన్నీ పొగను అదుపులోకి తేవాలని గడువు పెట్టారు. కేంద్రంలో కఠినమైన క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది 1970లో, అంటే చాటనూగా కాస్త ముందే మేలుకుంది. చట్టాన్ని నడిపే బోర్డులో డాక్టర్లూ, పౌరులూ, పరిశ్రమలవాళ్లూ కూర్చున్నారు. కంపెనీలు కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి ఫిల్టర్లు బిగించాయి. కొన్నేళ్లలోనే ధూళి బాగా తగ్గింది. 1989 నాటికి ధూళి విషయంలో ఊరు కేంద్ర ప్రమాణాలను అందుకుంది.

ఇక్కడ రెండు వాదనలున్నాయి. చట్టం వల్లే గాలి బాగుపడిందని ఒకటి. ఫ్యాక్టరీలు మూతపడటం వల్ల బాగుపడిందని రెండోది. నిజానికి రెండూ జరిగాయి. గడువులోపు ఫిల్టర్లు బిగించిన మాట నిజం. ఆ తర్వాత డెబ్బైల చివర్లో, ఎనభైల్లో అమెరికా అంతటా ఉక్కు, ఫౌండ్రీ పరిశ్రమలు కూలినప్పుడు చాటనూగాలోనూ వేల ఉద్యోగాలు పోయిన మాట కూడా నిజం. మొదటి పదేళ్ల మెరుగుదలకు ముఖ్య కారణం చట్టమేనని నాకనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద మూతలు చాలావరకు ఆ తర్వాత వచ్చాయి. కాలుష్య చట్టం వల్లే ఉద్యోగాలు పోయాయనే మాట అప్పట్లో బాగా వినిపించింది. అయితే అలాంటి చట్టం లేని ఊళ్లలో కూడా అవే పరిశ్రమలు మూతపడ్డాయి.

జనాభా లెక్కలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 1970లో ఊరి జనాభా 1.2 లక్షల లోపు. 1980కి దాదాపు 1.7 లక్షలు. ఫ్యాక్టరీలు చతికిలబడుతున్న కాలంలో అర లక్ష మంది కొత్తగా వచ్చారా? లేదు. పక్కనున్న ప్రాంతాలను నగరంలో కలిపేశారు. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేసినప్పుడు హైదరాబాద్ జనాభా కాగితం మీద ఎలా పెరిగిందో అలాగే. విలీనాల హడావుడి తగ్గాక అసలు సంగతి బయటపడింది. 1990 నాటికి జనాభా 1,52,466కు పడిపోయింది, అంటే పదేళ్లలో పదో వంతు జనం తగ్గారు. ఆ స్థాయి నుంచి 2020లో 1.81 లక్షలకు చేరడం మాత్రం చిన్న విషయం కాదు. అందులోనూ కొంత భాగం విలీనాల వల్ల వచ్చిందేనని మరిచిపోకూడదు.

నదికి ముఖం తిప్పిన ఊరు

ఎనభైల మొదట్లో చాటనూగా నడిబొడ్డు సాయంత్రం అయిదు దాటితే నిర్మానుష్యం. నది పక్కనే ఉన్నా దాని దగ్గరికి వెళ్లే దారి లేదు. మధ్యలో నాలుగు వరుసల హైవే, గోదాములు. 1982లో నదీతీరం గురించి ఒక కమిటీ పడింది. 1984లో ఊరి పెద్దలు, పౌరులు కొందరు ఇండియానాపొలిస్ వెళ్లి అక్కడి నగరం ఎలా మారిందో చూసి వచ్చారు. అదే ఏడు చాటనూగా వెంచర్ అనే సంస్థ ‘విజన్ 2000’ పేరుతో ఊరందరినీ పిలిచింది. వారాల తరబడి జరిగిన సమావేశాలకు దాదాపు 1,700 మంది వచ్చారు. కోరికలు గోడలకంటించిన పెద్ద పెద్ద కాగితాల మీదికి ఎక్కాయి. వాటిలోంచి 40 లక్ష్యాలు తేలాయి. మహిళల కోసం ఆశ్రయ గృహం దగ్గర్నుంచి నదీతీర పార్కు దాకా అందులో ఉన్నాయి. ఆ లక్ష్యాల కింద 223 పనులు చేపట్టారు.

ఇలాంటి ‘ప్రజాభిప్రాయ సేకరణ’ సమావేశాలు మనకూ కొత్త కాదు. పెద్దలు ముందే నిర్ణయించుకున్నదానికి సంతకాలు పెట్టించుకునే తంతుగా మిగిలిపోయేవే ఎక్కువ. చాటనూగాలో తేడా ఎక్కడొచ్చిందంటే, చెప్పినవాటిలో చాలాభాగం పదేళ్లలో కళ్లెదుట కనిపించింది. కనిపించడానికి కారణం డబ్బు.

ఆ డబ్బు ఎక్కడిది? 1899లో ఈ ఊరి లాయర్లు ఇద్దరు, బెంజమిన్ థామస్, జోసెఫ్ వైట్‌హెడ్, అట్లాంటా వెళ్లి దేశంలో చాలాభాగానికి కోకాకోలాను సీసాల్లో నింపి అమ్మే హక్కును ఒక్క డాలరుకు రాయించుకున్నారు. సీసాల్లో కూల్‌డ్రింకు ఎవరు కొంటారులే అని కంపెనీ యజమాని అనుకున్నాడు. ఆ ఒప్పందం మీద చాటనూగాలో కొన్ని కుటుంబాలు తరతరాల సంపద కూడబెట్టాయి. వారిలో లప్టన్ కుటుంబం ఒకటి. ఆ కుటుంబపు లిండ్‌హర్స్ట్ ఫౌండేషన్, దాన్ని నడిపించిన జాక్ లప్టన్ ఊరి పునర్నిర్మాణానికి వెన్నెముకగా నిలిచారు. 1986లో ఆయన తన బాట్లింగ్ వ్యాపారాన్ని కోకాకోలాకు అమ్మినప్పుడు వచ్చిన మొత్తం 140 కోట్ల డాలర్లని చెబుతారు.

1992 మే 1న టెనెసీ అక్వేరియం తెరిచారు. 4.5 కోట్ల డాలర్ల ఖర్చు, దాదాపు అంతా విరాళాలే. అప్పటికి మంచినీటి జీవుల అక్వేరియాల్లో ప్రపంచంలో అదే పెద్దది. కొండవాగులో చుక్కగా మొదలై టెనెసీ నదిగా సాగి సముద్రంలో కలిసేదాకా నీటితోపాటు నడిచేలా దాన్ని కట్టారు. సొంత నదినే చూడటానికి టికెట్ కొనుక్కుని ఎవరొస్తారని వెక్కిరించినవాళ్లున్నారు. జనం విరగబడి వచ్చారు. మరుసటి ఏడాది వాల్‌నట్ స్ట్రీట్ వంతెనను నడిచేవాళ్లకోసం తెరిచారు. 1891 నాటి ఆ ఇనుప వంతెన శిథిలమైందని 1978లోనే మూసేశారు, కూల్చేయాలనీ చూశారు. కూల్చడానికి అయ్యే డబ్బునే బాగుచేయడానికి వాడమని పౌరులు పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. 2005 నాటికి మేయర్ బాబ్ కార్కర్ కాలంలో 12 కోట్ల డాలర్ల నదీతీర పథకం పూర్తయింది. నదిని ఊరి నుంచి విడదీసిన ఆ హైవే మామూలు వీధిగా మారింది.

దీని మీద ఉన్న విమర్శ గట్టిదే. ఊరి భవిష్యత్తు ఎటు పోవాలో ఒక ఫౌండేషన్ డబ్బు నిర్ణయిస్తే, ఆ ఫౌండేషన్‌ను ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు కదా అని. సమర్థించేవాళ్ల జవాబు కూడా తీసిపారేసేది కాదు. ఖజానా ఖాళీగా ఉన్న ఊళ్లో ఆ డబ్బే లేకపోతే 40 లక్ష్యాలూ కాగితం మీదే ఉండేవి అని. నా మట్టుకు నాకు, ఈ కథలో ఇంకో ఊరు కాపీ కొట్టలేని భాగం ఇదే. తరతరాల స్థానిక సంపద ఉండి, అది అదే ఊళ్లో ఖర్చుపెట్టడానికి సిద్ధపడటం అరుదు.

కరెంటు బోర్డు ఇంటర్నెట్ ఎందుకిచ్చింది?

అందరూ ఎక్కువగా మాట్లాడేదీ, తక్కువగా అర్థం చేసుకునేదీ ఈ భాగమే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం టెనెసీ వ్యాలీ అథారిటీని, అంటే టీవీఏను పెట్టింది. నదుల మీద డ్యాములు కట్టి, వరదలు ఆపి, చౌకగా కరెంటు ఇవ్వడం దాని పని. ఆ కరెంటును ఊళ్లకు పంచడానికి స్థానికంగా ప్రజల సంస్థలుంటే వాటికే ముందు ఇవ్వాలన్నది నియమం. చాటనూగాలో 1935లో అలా పుట్టిందే ఎలక్ట్రిక్ పవర్ బోర్డు, ఈపీబీ. ఇది నగరానికి చెందిన సంస్థ, వాటాదారులు లేరు.

ఈపీబీకి ఫైబర్ ఎందుకు కావలసి వచ్చిందంటే, మొదటి కారణం ఇంటర్నెట్ కాదు, కరెంటు పోవడం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఫీడరు లైను మీద 1,000 ఇళ్లున్నాయి. మధ్యలో ఎక్కడో చెట్టు కొమ్మ విరిగి పడింది. పాత పద్ధతిలో 1,000 ఇళ్లకూ కరెంటు పోతుంది, లైన్‌మన్ వచ్చి వెతికి పట్టుకునేదాకా అంతే. ఇప్పుడు అదే లైనును ఆటోమేటిక్ స్విచ్చులతో అయిదు ముక్కలు చేశామనుకోండి. స్విచ్చులు ఒకదానితో ఒకటి క్షణాల్లో మాట్లాడుకుని, చెడిపోయిన ముక్కను విడదీసి, మిగతా వాటికి వేరే దారిలో కరెంటు మళ్లిస్తాయి. చీకట్లో మిగిలేవి 200 ఇళ్లే. లైన్‌మన్‌కు ఎక్కడికి వెళ్లాలో కూడా ముందే తెలుస్తుంది. ఇలాంటి స్విచ్చులు ఈపీబీ దాదాపు 1,200 పెట్టింది. అవి మాట్లాడుకోవాలంటే వేగంగా పనిచేసే కేబుల్ కావాలి. ఎలాగూ ప్రతి వీధికీ ఫైబర్ వెళుతున్నప్పుడు ఇళ్లలోకి నెట్ కూడా ఇవ్వవచ్చు కదా అన్నది రెండో ఆలోచన.

ఈ పనికి 2008లో దాదాపు 22 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మారు. కేబుల్ కంపెనీలు అడ్డుకోవడానికి కోర్టుకెక్కాయి, కేసులు నిలబడలేదు. 2008 మాంద్యం తర్వాత ఒబామా ప్రభుత్వం ఇచ్చిన ఉద్దీపన నిధుల్లోంచి స్మార్ట్ గ్రిడ్ పేరుతో 11.15 కోట్ల డాలర్ల గ్రాంటు వచ్చింది. దాంతో పదేళ్ల పని చాలా తొందరగా అయిపోయింది. 2010 సెప్టెంబరులో గిగాబిట్ సేవ మొదలైనప్పుడు నెలకు 350 డాలర్లు, 2013లో 70కి దించారు.

డబ్బు లెక్క ఎలా తేలుతుందో ఊహాత్మకంగా వేసి చూద్దాం. మొత్తం ఖర్చు సుమారు 33 కోట్ల డాలర్లు, కరెంటు కనెక్షన్లు సుమారు 1,70,000 అనుకుందాం. వాటిలో 40 శాతం, అంటే 68,000 మంది నెట్ తీసుకున్నారనుకుందాం. భారమంతా వాళ్ల మీదే వేస్తే ఒక్కొక్కరికి దాదాపు 4,850 డాలర్లు. నెలకు ఒక్కో చందాదారు దగ్గర ఖర్చులు పోను 20 డాలర్లు మిగిలితే, అసలు తీరడానికే 20 ఏళ్లు. గ్రాంటు తీసేస్తే తలా 3,200, కాలం 13 ఏళ్లకు పైనే. మిగిలినదాంట్లో సగం కరెంటు లైన్ల బాగు కోసం పెట్టిన ఖర్చని లెక్కగడితే తలా 1,600, కాలం ఏడేళ్ల లోపు. 40 శాతం, 20 డాలర్లు అన్నవి లెక్క కోసం నేను తీసుకున్న అంకెలు. కానీ విషయం స్పష్టం. గ్రాంటూ, కరెంటు అవసరమూ రెండూ కలిస్తేనే లెక్క కుదురుతుంది. నెట్ చందాల మీదే బతకాలంటే కష్టం.

కష్టమని చూపే ఊరు కూడా ఉంది. యూటా రాష్ట్రంలో ప్రోవో నగరం ఐప్రోవో పేరుతో దాదాపు 3.9 కోట్ల డాలర్లు పెట్టి సొంత ఫైబర్ వేసింది. అక్కడ నగరం కేబుల్ వేసి, సేవ అమ్మే పని ప్రైవేటువాళ్లకు ఇచ్చింది. నడవలేదు. 2013లో దాన్ని గూగుల్‌కు ఒక్క డాలరుకు అప్పగించారు. బాండ్ల అప్పు మాత్రం ఊరివాళ్లే కడుతూ వచ్చారు. చాటనూగాను చూపించి ప్రభుత్వమే ఫైబర్ వేయాలనేవాళ్లూ, ప్రోవోను చూపించి వద్దే వద్దనేవాళ్లూ చెరో సగమే చెబుతున్నారు.

మన దగ్గర దీనికి దగ్గర పోలిక ఏపీ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరులో మొదలైన ఆ పథకమూ కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగింది, నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను ఇస్తామంది. పైకి ఒకేలా కనిపించినా తేడా పెద్దది. అక్కడ స్తంభం, కేబుల్, బిల్లు, లైన్‌మన్, చందాదారు, అన్నీ ఒకే సంస్థవి. పైగా ఆ కేబుల్ లేకపోతే ఆ సంస్థ కరెంటు స్విచ్చులే పనిచేయవు. ఇక్కడ స్తంభాలు విద్యుత్ పంపిణీ సంస్థలవి, కేబుల్ ఇంకో సంస్థది.

లాభమెంత? టెనెసీ విశ్వవిద్యాలయం చాటనూగా ప్రాంగణానికి చెందిన ఆర్థికవేత్త బెంటో లోబో 2020లో లెక్కగట్టి మొదటి పదేళ్లలో 269 కోట్ల డాలర్ల మేలు జరిగిందన్నారు. ఆ లెక్కలో ఉద్యోగాలతోపాటు కరెంటు కోతలు తగ్గడం వల్ల మిగిలిన డబ్బు, కరోనా కాలంలో ఇంటి నుంచే పనీ చదువూ సాగడం లాంటివి ఉన్నాయి. ఫైబర్ లేకపోయినా ఎంతో కొంత ఎదుగుదల ఉండేదే కదా అన్నది సహజమైన అభ్యంతరం. ‘లేకపోతే ఏమయ్యేదో’ ఎవరూ చూడలేరు కాబట్టి ఇలాంటి అంకెలను అంచనాలుగానే తీసుకోవాలి. 2020లో జరిగిన మరో పని అలాంటి వాదన అక్కర్లేనిది. బడికి వెళ్లే దారి మూసుకుపోయినప్పుడు, ఈపీబీ, స్థానిక పాఠశాలల శాఖ కలిసి పేద కుటుంబాల్లోని దాదాపు 28,000 మంది విద్యార్థుల ఇళ్లకు పదేళ్లపాటు ఉచితంగా నెట్ ఇవ్వడానికి పథకం పెట్టాయి. సంస్థ ప్రజలది కాబట్టే అది అంత త్వరగా కుదిరిందని నా నమ్మకం.

మరి ఊరు దాటి పక్క పల్లెలకు ఎందుకివ్వలేదు? ఇవ్వనివ్వలేదు. నగర విద్యుత్ సంస్థలు తమ కరెంటు పరిధి బయట నెట్ అమ్మకూడదని టెనెసీ చట్టం. 2015 ఫిబ్రవరిలో కేంద్ర కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 3–2 ఓట్లతో ఆ నిబంధనను పక్కన పెట్టింది. 2016 ఆగస్టులో అప్పీల్సు కోర్టు రాష్ట్రం పక్షాన తీర్పిచ్చింది. ప్రభుత్వ సంస్థ ప్రైవేటు కంపెనీలతో పోటీ పడటం అన్యాయమని ఒక పక్షం, ప్రైవేటువాళ్లు రాని పల్లెకు ఇంకెవరిస్తారని మరో పక్షం.

ఓటు విలువ మార్చిన తీర్పు

పొగడ్తల వ్యాసాల్లో అంతగా కనిపించని మలుపు ఒకటుంది. 1989 దాకా చాటనూగాను అయిదుగురు కమిషనర్లు నడిపేవారు. వాళ్లందరినీ ఊరంతా కలిసి ఎన్నుకునేది. ఊళ్లో మూడో వంతు నల్లజాతి ప్రజలు. అయినా మెజారిటీ తెల్లవాళ్ల ఓట్లు లేకుండా ఒక్క సీటు గెలవడమూ కష్టమే. ప్రొఫెసర్ టామీ బ్రౌన్, మరికొందరు నల్లజాతి పౌరులు కోర్టుకు వెళ్లారు. ఈ ఎన్నికల పద్ధతి ఓటు హక్కుల చట్టానికి విరుద్ధమని 1989లో ఫెడరల్ కోర్టు చెప్పింది. 1990 నుంచి తొమ్మిది వార్డులు, తొమ్మిదిమంది కౌన్సిలర్లు, ఒక మేయరు. ఆ తర్వాతి నదీతీర పథకాలన్నీ ఈ కౌన్సిల్ చర్చల్లోంచే వెళ్లాయి. ఊరు మారిన తీరు గురించి రాసేటప్పుడు ఈ తీర్పు ప్రస్తావన లేకపోతే కథలో సగం పోయినట్టే.

ఒక్కో ఉద్యోగానికి ఎంత?

టీఎన్‌టీ ప్లాంటు మూతపడ్డాక ఆ స్థలంలో కొంత భాగాన్ని నగరమూ కౌంటీ సైన్యం నుంచి తీసుకుని పారిశ్రామిక వాడగా మార్చాయి. 2008లో ఫోక్స్‌వ్యాగన్ అక్కడికి వస్తున్నట్టు ప్రకటించింది. పెట్టుబడి 100 కోట్ల డాలర్లు, 2,000 ఉద్యోగాలు అన్నారు. 2011లో కార్లు బయటికి వచ్చాయి. పిల్లల ఊపిరితిత్తులకు చేటు చేసిన చోటే వేలమందికి జీతాలిచ్చే చోటైంది.

అందుకు ప్రజలు చెల్లించింది కూడా చూడాలి. పన్ను మినహాయింపులు, భూమి, రోడ్లు, శిక్షణ కలిపి రాయితీలు సుమారు 57.7 కోట్ల డాలర్లు. మాటిచ్చిన 2,000 ఉద్యోగాలతో భాగిస్తే ఒక్కోదానికి దాదాపు 2.9 లక్షల డాలర్లు. 2024 యూనియన్ ఎన్నికల్లో ఓటు హక్కున్న కార్మికులు 4,300కు పైగా. ఆ లెక్కన 1.34 లక్షలకు తగ్గుతుంది, అయితే తర్వాతి విస్తరణలకిచ్చిన రాయితీలు ఇందులో లేవు. చుట్టూ పుట్టిన విడిభాగాల కంపెనీలను కలిపితే ఇంకా తగ్గుతుంది. లాభమా నష్టమా అన్నది దేన్ని లెక్కలో కలుపుతామన్నదాని మీద ఉంటుంది.

యూనియన్ ఓటు మరో సూచిక. 2014లోనూ 2019లోనూ స్వల్ప తేడాతో యూనియన్ ఓడిపోయింది. 2024లో 73 శాతం మద్దతుతో గెలిచింది. దక్షిణాదిలో విదేశీ కంపెనీల కార్ల ఫ్యాక్టరీల్లో ఇది పెద్ద మలుపని అందరూ రాశారు. యూనియన్లు లేవన్నదే ఇన్నాళ్లూ ఆ రాష్ట్రాలు కంపెనీలకు చూపిన ఆకర్షణ.

కింద మట్టిలో మిగిలినది

గాలి శుభ్రమైంది, నేల ఇంకా కాలేదు. ఫౌండ్రీల్లో వాడి పారేసిన ఇసుకను దశాబ్దాల కిందట దక్షిణ చాటనూగాలో పల్లపు స్థలాలు పూడ్చడానికి, పెరట్లలో మట్టిగానూ వాడారు. అందులో సీసం ఉంది. 2011లో ఒక వీధిలో బయటపడితే, వెతుకుతూ పోయినకొద్దీ ఎనిమిది పేటలకు విస్తరించింది. 2018లో కేంద్ర పర్యావరణ సంస్థ దీన్ని దేశంలోని అత్యంత ప్రమాదకర స్థలాల జాబితాలో చేర్చింది. ఇంటింటికీ వెళ్లి పెరట్లో మట్టి నమూనా తీసి, సీసం ఎక్కువుంటే రెండడుగుల దాకా తవ్వి తీసేసి, కొత్త మట్టి పోసి, గడ్డి పరిచి వెళతారు. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం ఎంత కొద్దిగా ఉన్నా చేటే కాబట్టి ఇది ఆలస్యం చేయదగ్గ పని కాదు. ఇదే ప్రాంతంలోని కొన్ని పేటల్లో ఇప్పుడు కేఫ్‌లు, కొత్త అపార్టుమెంట్లు వెలిశాయి, అద్దెలు పెరిగాయి.

2010లో నగర జనాభాలో నల్లజాతివారు సుమారు 35 శాతం, 2020 నాటికి సుమారు 29 శాతం. దీన్ని పేదలను తరిమేయడమని ఒకరంటే, బయటినుంచి తెల్లవారూ లాటిన్ అమెరికన్లూ ఎక్కువగా రావడం వల్ల వాటా తగ్గిందని మరొకరంటారు. వాటా తగ్గడానికి రెండో కారణం చాలావరకు సరిపోతుంది. కానీ పెరిగిన అద్దెలను తట్టుకోలేక దూరం జరిగినవాళ్ల సంగతిని అది చెప్పదు.

అందరూ ఫొటోలు దిగే వాల్‌నట్ స్ట్రీట్ వంతెన మీదే 1906లో ఎడ్ జాన్సన్ అనే నల్లజాతి యువకుణ్ని మూక ఉరితీసింది. అతని మరణశిక్ష అమలును అమెరికా సుప్రీంకోర్టు ఆపిన రోజే అది జరిగింది. తన ఉత్తర్వును ధిక్కరించినందుకు సుప్రీంకోర్టు షెరీఫ్‌నూ (కౌంటీ పోలీసు అధికారినీ) మరికొందరినీ స్వయంగా విచారించి 1909లో దోషులుగా తేల్చింది. ఆ కోర్టు చరిత్రలో అలాంటి క్రిమినల్ విచారణ ఇదొక్కటే. 2000లో అతని శిక్షను రద్దు చేశారు. 2021లో వంతెన దక్షిణపు కొసన ఎడ్ జాన్సన్‌కూ, అతని లాయర్లు నోవా పార్డెన్, స్టైల్స్ హచిన్స్‌లకూ స్మారకం నిలబెట్టారు. ఆదర్శ నగరమని బిరుదిచ్చే జాబితాల్లో దీనికి మార్కులుండవు. నాకు మాత్రం అక్వేరియం కంటే ఇదే ఊరి ఎదుగుదలకు బలమైన గుర్తు.

ఇప్పుడు ఊరి చూపు వెస్ట్‌సైడ్ మీద ఉంది. నడిబొడ్డుకు పక్కనే ఉన్న ఈ పేట 1950ల, 60ల ‘పట్టణ పునరుద్ధరణ’లో ఒకసారి ఇళ్లు పోగొట్టుకుంది. పక్కనున్న క్యామెరాన్ హిల్ కొండ నెత్తిని చెక్కి ఆ మట్టిని హైవే కోసం వాడారు. 1940ల నాటి ప్రభుత్వ అద్దె ఇళ్ల సముదాయం కాలేజ్ హిల్ కోర్ట్స్ కూడా అక్కడిదే. దాని స్థానంలో కొత్త పేట కట్టే ‘వన్ వెస్ట్‌సైడ్’ పథకంలో, కూల్చే ప్రతి ఇంటికీ బదులు అదే స్థాయి అద్దెకు మరో ఇల్లు ఇస్తామన్నది నగరం ఇచ్చిన మాట. ఇప్పుడక్కడ ఉంటున్నవాళ్లలో ఎంతమంది అదే పేటలోకి తిరిగి వస్తారన్నది కట్టడం ఒక్కో దశ పూర్తయ్యేకొద్దీ తెలుస్తుంది.